స్నానాలగది మురుగు వాసన: కారణాలు, గుర్తింపు, నివారణ

స్నానాలగదిలోని తూముల గుండా మురుగు గొట్టాల్లోని వాయువులు ఇంట్లోకి చొరబడితే వచ్చే దుర్వాసనను వాడుకలో డ్రైనేజీ వాసన అంటారు. కుళ్లిన కోడిగుడ్డు కంపులా ఉండే ఈ వాసన అద్దంలా కడిగిన గదిలో కూడా రావచ్చు. నేల మీది మురికికీ దీనికీ సంబంధం తక్కువ. ఇంటికీ మురుగు గొట్టానికీ మధ్య నిలిచి ఉండాల్సిన రెండంగుళాల నీరు లేకపోవడమో, ఆ నీటిని తప్పించుకునే పక్కదారి ఏదో ఏర్పడటమో చాలావరకు అసలు కారణం. అందుకే ఫినాయిలు, సుగంధ బిళ్లలు, అగరొత్తులు దీన్ని కాసేపు కప్పిపెడతాయే తప్ప పోగొట్టలేవు. వాసన ఏ దారిన వస్తోందో కనిపెడితే చాలాసార్లు ఒక చెంబు నీళ్లతోనో, కొద్దిపాటి సిమెంటుతోనో సమస్య తీరుతుంది. కనిపెట్టకుండా మొదలుపెడితే టైల్స్ పగలగొట్టినా తీరకపోవచ్చు.

వాసనలోని వాయువులు

మలమూత్రాలు, సబ్బు నురగ, ఆహార వ్యర్థాలు గాలి ఆడని చోట కుళ్లినప్పుడు వాయువుల మిశ్రమం పుడుతుంది. అందులో ప్రధానమైనవి హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్, కార్బన్ డయాక్సైడ్, అమ్మోనియా. కోడిగుడ్డు కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. మురుగులోని సల్ఫేట్లను కొన్ని బాక్టీరియాలు ప్రాణవాయువు లేని జిగట పొరల్లో సల్ఫైడ్లుగా మారుస్తాయి. గొట్టం లోపలి అంచుకు నల్లగా పట్టే పాకుడు వాటికి మంచి ఆవాసం.

మనిషి ముక్కు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను చాలా తక్కువ మోతాదులోనే పసిగడుతుంది. గాలిలో కోటి పాళ్లకు ఒక పాలు ఉన్నా కొందరికి తెలిసిపోతుంది. కానీ పది లక్షల పాళ్లకు 100 పాళ్ల స్థాయికి చేరితే కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారుతుంది. వాయువు అక్కడే ఉన్నా వాసన తెలియదు. 500 పాళ్లు దాటితే మనిషి స్పృహ తప్పి పడిపోతాడు. ఇంటి తూములోంచి వచ్చే మోతాదు సాధారణంగా ఈ స్థాయికి చేరదు. మూత వేసిన సెప్టిక్ ట్యాంకులో, మ్యాన్‌హోల్‌లో మాత్రం చేరుతుంది. ఈ వాయువు గాలి కంటే కొంచెం బరువైనది కాబట్టి గుంతల్లో, అడుగు భాగాల్లో పేరుకుంటుంది. మీథేన్‌కు వాసన ఉండదు. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వకు పేలుతుంది. మూత తీసిన ట్యాంకు దగ్గర అగ్గిపుల్ల గీయకూడదనేది అందుకే.

నీటి అడ్డు పనితీరు

గొట్టాన్ని వంచి, ఆ వంపులో కొంత నీరు ఎప్పుడూ నిలిచి ఉండేలా చేసిన భాగం ట్రాప్. పైనుంచి పోసిన నీళ్లు వంపు దాటి వెళ్లిపోతాయి. చివరగా వచ్చిన నీరు వంపులో మిగులుతుంది. నీళ్లు పోనిచ్చి, గాలిని రానివ్వని తలుపులాంటిది ఇది. ప్లంబర్లు దీన్ని వాటర్ సీల్ అంటారు. నేల తూములకు, కమోడ్‌కు ఈ నీటి లోతు సాధారణంగా 50 మిల్లీమీటర్లు ఉండాలి. గ్రామాల్లో చెంబుతో నీళ్లు పోసే మరుగుదొడ్లలో 20 మిల్లీమీటర్లతో సరిపెడతారు. 1970లో బిందేశ్వర్ పాఠక్ స్థాపించిన సులభ్ సంస్థ ప్రచారంలోకి తెచ్చిన రెండు గుంతల మరుగుదొడ్డి అలాంటిదే. లోతు తక్కువ కాబట్టి ఒకటిన్నర, రెండు లీటర్ల నీళ్లతో అది శుభ్రపడుతుంది.

ఈ అడ్డు బలం కొన్ని సెంటీమీటర్ల నీటి బరువు మాత్రమే. వాతావరణ పీడనంలో వందో వంతు తేడా వచ్చినా అది నిలవలేదు. అందుకే ట్రాప్ ఒక్కటే సరిపోదు, వెంట్ పైపు కూడా కావాలి. పై అంతస్తు నుంచి నీళ్లు ఒక్కసారిగా గొట్టంలో దిగేటప్పుడు వెనకాల గాలి పలచబడుతుంది, ముందున్న గాలి ఒత్తిడికి గురవుతుంది. మేడ మీదికి తెరిచి ఉంచిన వెంట్ పైపు ఈ హెచ్చుతగ్గులను సరిచేస్తుంది, దుర్వాయువులను ఇంటి కప్పుకు పైన వదిలేస్తుంది.

చరిత్ర

క్రీస్తుపూర్వం మూడో సహస్రాబ్దిలోనే మొహెంజొదారో ఇళ్లలో స్నానపు అరుగులు, వీధుల్లో మూతలున్న ఇటుక కాలువలు ఉండేవి. నీరు పోయే దారిని వాళ్లు చక్కగా ఏర్పరిచారు. వాసన తిరిగి రాకుండా ఆపే వంపు మాత్రం ఆధునిక కాలం దాకా స్థిరపడలేదు. 1775లో లండన్‌లోని గడియారాల నిపుణుడు అలెగ్జాండర్ కమ్మింగ్ ఎస్ ఆకారపు వంపు ఉన్న మరుగుదొడ్డికి పేటెంటు పొందాడు. 1778లో జోసెఫ్ బ్రామా దాని కవాటాన్ని మెరుగుపరిచాడు.

1858 వేసవిలో లండన్‌లో థేమ్స్ నది భరించలేనంత కంపు కొట్టడంతో పార్లమెంటు సభ్యులు నిలవలేకపోయారు. ఆ తర్వాతే జోసెఫ్ బాజల్‌గెట్ పర్యవేక్షణలో నగరానికి భారీ భూగర్భ మురుగు కాలువలు వచ్చాయి. చెడు గాలే రోగాలకు మూలమని ఆనాటి వైద్యులు చాలామంది నమ్మేవారు. కలరా నీటి ద్వారా వస్తుందని 1854లో జాన్ స్నో చూపించినా ఆ నమ్మకం వెంటనే పోలేదు. సిద్ధాంతం తప్పే అయినా, దాని వల్ల పుట్టిన భయం ప్రతి తూముకూ ట్రాప్, ప్రతి గొట్టానికీ వెంట్ ఉండాలన్న నిబంధనలకు దారితీసింది.

హైదరాబాద్ విషయానికొస్తే, 1908 మూసీ వరదల తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద నివారణతో పాటు నగర మురుగు పారుదలకూ ప్రణాళిక సిద్ధం చేశారు. 1989లో ఏర్పడిన జలమండలి ఇప్పుడు నగరంలో మంచినీటిని, మురుగు కాలువలను చూస్తోంది.

మన ఇళ్లలోని అమరిక

తెలుగు రాష్ట్రాల ఇళ్లలో స్నానాలగది నేల మొత్తం తడుస్తుంది. కాబట్టి నేల తూమే ఇక్కడ ప్రధానం. ఆ తూము కింద ఉండే ట్రాప్‌ను మేస్త్రీలు, ప్లంబర్లు నహానీ ట్రాప్ అంటారు. పైన కనిపించేది జాలీ. స్టీలు జాలీ ఎత్తి చూస్తే రెండు రకాల అమరికల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది. మొదటి దానిలో టైల్స్ కిందే లోతైన వంపు గొట్టం ఉంటుంది. టార్చి వేస్తే అడుగున నీళ్లు మెరుస్తాయి. రెండో దానిలో నడుమ నిలువు గొట్టం, దాని మీద బోర్లించిన చిన్న కప్పు ఉంటాయి. కప్పు అంచు చుట్టూ ఉన్న నీళ్లలో మునిగితేనే వాసన ఆగుతుంది. ఈ కప్పు రకంలో నీటి లోతు చాలా తక్కువ. త్వరగా ఎండుతుంది, త్వరగా పూడుతుంది.

వాష్‌బేసిన్ కింద సీసా ఆకారపు బాటిల్ ట్రాప్ గానీ, వంపు తిరిగిన గొట్టం గానీ ఉండాలి. చాలా ఇళ్లలో మాత్రం ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం ఒకటి బేసిన్ నుంచి సూటిగా గోడలోకో, నేల రంధ్రంలోకో దిగుతుంది. కమోడ్‌కు ట్రాప్ దాని పింగాణీలోనే కలిసి ఉంటుంది. ఇంటి బయట స్నానం నీళ్ల గొట్టం గల్లీ ట్రాప్‌లో, కమోడ్ గొట్టం నేరుగా ఛాంబర్ అనే మురుగు తొట్టిలో కలవడం పాత పద్ధతి. అపార్టుమెంట్లలో ఇవన్నీ షాఫ్ట్‌లో నిలువునా దిగే పెద్ద గొట్టాలకు చేరతాయి.

వాసనకు కారణాలు

ఎండిపోయిన ట్రాప్: అన్నిటికంటే మామూలు కారణం ఇదే. అతిథుల గదికి చెందిన బాత్‌రూం, బాల్కనీ తూము, వాషింగ్ మెషీన్ పక్కన వాడని తూము ఎండాకాలంలో కొన్ని వారాలకే ఎండిపోతాయి. పిల్లలు అమెరికాలోనో, బెంగళూరులోనో ఉండి ఏడాదికోసారి తెరిచే ఫ్లాట్లలో తలుపు తీయగానే గుప్పుమనే కంపు చాలావరకు దీనిదే. ఒక గదిలో ఎండిన ట్రాప్ వల్ల వచ్చే వాసన పక్క గదిలో తేలవచ్చు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే ఇంకా పెరుగుతుంది. తలుపులు మూసి ఉన్నప్పుడు ఫ్యాన్ బయటికి నెట్టే గాలికి బదులు గాలి తూములోంచే లోపలికి వస్తుంది మరి.

తీసేసిన కప్పు: నీళ్లు నెమ్మదిగా పోతున్నాయని పనివాళ్లో, ఇంట్లోవాళ్లో జాలీ కింది కప్పును తీసి పక్కన పడేస్తారు. నీళ్లు గబగబా పోతాయి. ఆ రోజు నుంచే వాసన మొదలవుతుంది. రెండు సంగతులకూ లంకె ఉందని తట్టదు కాబట్టి నెలల తరబడి ఫినాయిలు కొంటూనే ఉంటారు.

పూడిక, పాకుడు: తలంటు రోజున వెంట్రుకలు, నూనె, కుంకుడు పిప్పి, సున్నిపిండి, సబ్బు ముద్ద అన్నీ కలిసి ట్రాప్‌లో పేరుకుంటాయి. ఇవి అక్కడే కుళ్లి, మురుగు గొట్టంతో పని లేకుండానే, కంపు పుట్టిస్తాయి. ఈ జిగట పొరలోనే గోడల మీద వాలే చిన్న చిమ్మెటల్లాంటి డ్రెయిన్ ఈగలు గుడ్లు పెడతాయి. పొద్దున లేచేసరికి తూము చుట్టూ గోడ మీద ఇవి కనిపిస్తే లోపల పాకుడు పట్టిందని అర్థం. పొడవాటి వెంట్రుకల పోచ వంపు అంచు మీద వేలాడితే ఇంకో ప్రమాదం ఉంది. దీపం వత్తి నూనెను లాగినట్టే అది నీటిని చుక్కచుక్కగా అవతలికి లాగి ట్రాప్‌ను ఖాళీ చేస్తుంది.

లాగేయడం, ఎదురు నెట్టడం: వెంట్ పైపు లేకపోయినా, దాని నోట్లో పిచ్చుక గూడో చెత్తో అడ్డుపడినా పై అంతస్తువాళ్లు ఫ్లష్ చేసినప్పుడు కింది ఇంటి ట్రాప్‌లోని నీరు లాగబడుతుంది. అప్పుడు తూములో గుడగుడమని చప్పుడు వస్తుంది. ఇందుకు విరుద్ధంగా, నిలువు గొట్టం అడుగు భాగానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో గాలి ఎదురు తన్ని బుడగలు పైకి వస్తాయి. బహుళ అంతస్తుల భవనాల్లో కింది అంతస్తుల వారి ఫిర్యాదులకు ఇది తరచు కారణం.

కలవని సందులు: బేసిన్ గొట్టం నేల రంధ్రంలోకి దిగే చోట చుట్టూ వేలు దూరేంత ఖాళీ ఉంటే ట్రాప్ ఎంత బాగున్నా ఫలితం లేదు. వాషింగ్ మెషీన్ నీళ్లు పోయే గొట్టానికీ ఇదే వర్తిస్తుంది. కమోడ్‌ను గొట్టానికి కలిపే రబ్బరు కనెక్టర్ జారినా, అడుగున వేసిన వైట్ సిమెంట్ బీటలు వారినా నీళ్లు కారకుండానే వాయువు మాత్రం వస్తుంది.

సంకెన్ శ్లాబ్: అపార్టుమెంట్లలో స్నానాలగది శ్లాబును సుమారు ఒక అడుగు కిందికి దించి, అందులో గొట్టాలు వేసి, ఇటుక ముక్కలతో నింపి పైన టైల్స్ పరుస్తారు. లోపల అతుకు వదులైతే మురుగు నీరు ఆ నింపుడులో ఇంకి నిలిచిపోతుంది. టైల్స్ సందుల్లోంచి ఎప్పుడూ ఒకే రకమైన ముక్క వాసన వస్తుంది, కింది ఇంటి సీలింగ్ మీద పసుపు మరక తేలుతుంది. ఎంత కడిగినా పోని వాసనల్లో ఖర్చుతో కూడిన మరమ్మతు దీనిదే.

సెప్టిక్ ట్యాంకు, వీధి కాలువ: భూగర్భ డ్రైనేజీ లేని పట్టణాల్లో, పల్లెల్లో సెప్టిక్ ట్యాంకు నిండితే, దాని గాలి గొట్టం మూసుకుపోతే వాయువు ఇంటివైపు తిరుగుతుంది. ట్యాంకుకు కనీసం 50 మిల్లీమీటర్ల వెంట్ పైపు ఉండాలని, ఇల్లు 15 మీటర్ల లోపు ఉంటే ఆ పైపు ఇంటి కప్పు కంటే సుమారు 2 మీటర్లు ఎత్తుగా ఉండాలని భారత ప్రమాణం చెబుతుంది. చాలా ఇళ్లలో అది కిటికీ ఎత్తులోనే ఆగిపోతుంది. వానాకాలంలో మేడ మీది వాననీటిని మురుగు గొట్టంలోకి వదిలే కాలనీల్లో కాలువ నిండి, అందులోని గాలి ఇళ్ల తూముల్లోకి ఎదురు తంతుంది.

మురుగుతో సంబంధం లేని వాసనలు: వేడినీళ్లు వదిలినప్పుడే కోడిగుడ్డు వాసన వస్తే అనుమానించాల్సింది గీజరును. ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల పెట్టే మెగ్నీషియం కడ్డీ సమక్షంలో నీటిలోని బాక్టీరియా సల్ఫేట్లను సల్ఫైడుగా మార్చగలవు. కొన్ని బోరు నీళ్లకు సహజంగానే ఈ వాసన ఉంటుంది. ఫాల్స్ సీలింగ్ పైన చచ్చిన ఎలుక, నేల పగుళ్లలో ఇంకిన మూత్రం కూడా మురుగును తలపిస్తాయి.

కారణం కనిపెట్టే క్రమం

తేలికైన పరీక్షతో మొదలుపెట్టి కష్టమైన దానికి వెళ్లాలి. ఒకేసారి నాలుగు పనులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

1. ఇంట్లోని ప్రతి తూములో, వాడనివాటితో సహా, ఒక మగ్గు నీళ్లు పోయాలి. గంట తర్వాత వాసన తగ్గితే ట్రాప్ ఎండిందని తేలినట్టే. పోసిన నీళ్లు మర్నాటికే మాయమైతే ట్రాప్ లీకవుతోందో, గొట్టం ఆ నీటిని లాగేస్తోందో అనుకోవాలి.

2. జాలీ ఎత్తి ఫోన్ టార్చి వేసి చూడాలి. నీళ్లు కనిపించాలి, కప్పు రకమైతే కప్పు దాని చోట ఉండాలి. వెంట్రుకల పోచలు, నల్లటి పాకుడు ఉన్నాయేమో గమనించాలి.

3. ఒక్కో తూమునూ ఒక్కో రాత్రి తడిగుడ్డ పెట్టి పైన ప్లాస్టిక్ కవరు పరిచి మూయాలి. ఏ తూము మూసిన రాత్రి వాసన రాలేదో అదే దారి. అన్నీ మూసినా వస్తే కమోడ్ అడుగును, గొట్టాల చుట్టూ సందులను, సంకెన్ శ్లాబును అనుమానించాలి.

4. తలుపు, కిటికీ మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, అనుమానమున్న సందు దగ్గర అగరొత్తి పొగ పెట్టాలి. పొగ గదిలోకి నెట్టుకొస్తే అక్కడ గాలి చొరబడుతున్నట్టే. సెప్టిక్ ట్యాంకు దగ్గర, తెరిచిన ఛాంబర్ దగ్గర మాత్రం నిప్పు పనికిరాదు.

5. ఎవరినైనా పక్క బాత్‌రూంలో లేదా పై ఇంట్లో ఫ్లష్ చేయమని ఈ తూము దగ్గర చెవి పెట్టాలి. గుడగుడ వినిపిస్తే, నీటి మట్టం ఊగితే వెంట్ సమస్య.

6. వేడినీళ్లు, చన్నీళ్లు విడివిడిగా గ్లాసుల్లో పట్టి, వేరే గదికి తీసుకెళ్లి వాసన చూడాలి. గ్లాసులోనే కంపు ఉంటే తప్పు నీటిది, తూముది కాదు.

వాసన వచ్చే వేళ కూడా ఆనవాలే. పొద్దున భవనమంతా నీళ్లు వాడే వేళ మాత్రమే వస్తే ఒత్తిడి తేడా, ఊరెళ్లి వచ్చిన రోజు మాత్రమే వస్తే ఎండిన ట్రాప్, వాన పడినప్పుడే వస్తే వీధి కాలువ, రోజంతా ఒకే తీరుగా ఉంటే సందు లేదా సంకెన్ శ్లాబు కారణమయ్యే అవకాశం ఎక్కువ.

మరమ్మతులు

ఎండిన ట్రాప్‌కు మందు నీళ్లే. ఎక్కువ రోజులు ఊరెళ్లేటప్పుడు నీళ్లు పోసిన తర్వాత రెండు చెంచాల నూనె పోస్తే అది పైన పొరలా తేలి నీరు ఆవిరి కాకుండా ఆపుతుంది. వంట నూనె కొన్నాళ్లకు చిక్కబడుతుంది కాబట్టి మినరల్ ఆయిల్ మేలు. ఇక ఎప్పటికీ వాడని తూమైతే బిరడా పెట్టి మూయించడం మంచిది.

పూడికకు చేతి తొడుగు, పాత టూత్‌బ్రష్, కొక్కెంలా వంచిన తీగ చాలు. వెంట్రుకలను పైకి లాగాలి, కిందికి తోయకూడదు. తోస్తే అవి దూరంగా, చేయి అందని చోట ముద్ద కడతాయి. కప్పును విడిగా బ్రష్‌తో కడిగి తిరిగి పెట్టాలి. బాటిల్ ట్రాప్ అడుగు మూతను చేత్తోనే తిప్పి, కింద బకెట్ పెట్టి శుభ్రం చేసుకోవచ్చు. పీవీసీ గొట్టాల్లో మరిగే నీళ్లు పోయకూడదు. ఆ వేడికి గొట్టం మెత్తబడి అతుకులు వదులవుతాయి.

బేసిన్ గొట్టం చుట్టూ ఖాళీకి హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే రబ్బరు బుష్ లేదా సిలికాన్ పెట్టాలి. ట్రాప్ లేకుండా సూటిగా దిగిన గొట్టమైతే బాటిల్ ట్రాప్ బిగించడమే సరైన పని. ముడుచుకునే గొట్టాన్నే వంపు తిప్పి తాడుతో కట్టడం తాత్కాలికంగా పనిచేస్తుంది, కానీ దాని మడతల్లో పాకుడు త్వరగా పడుతుంది. కమోడ్ కదులుతుంటే తీసి కొత్త కనెక్టర్‌తో మళ్లీ కూర్చోబెట్టాలి.

వెంట్ పైపు పని ప్లంబర్‌దే. మేడ మీది నోటిని శుభ్రం చేసి, పక్షులు, దోమలు దూరకుండా మూతతో పాటు తీగ వల కట్టాలి. గొట్టం వాలు సరిగా లేకపోతే మురుగు మధ్యలో నిలుస్తుంది. నాలుగంగుళాల గొట్టానికి 40 అడుగులకు ఒక అడుగు, ఆరంగుళాలకు 60 అడుగులకు ఒక అడుగు వాలు ఇవ్వడం పాతకాలం నుంచి ఉన్న లెక్క. కింది అంతస్తులో వానాకాలపు ఎదురు ప్రవాహానికి నాన్-రిటర్న్ వాల్వ్ వేయించవచ్చు. అది కూడా ఏడాదికోసారైనా తీసి కడగాలి. రబ్బరు నాలుకతో, స్ప్రింగుతో మూసుకునే కొత్త రకం జాలీలు నీళ్లు లేకుండానే వాసన ఆపుతాయి, బొద్దింకలనూ ఆపుతాయి. వెంట్రుక ఒక్కటి ఇరుక్కున్నా అవి పూర్తిగా మూసుకోవు. వీటిని ట్రాప్‌కు తోడుగా వాడాలే గానీ, బదులుగా కాదు.

సంకెన్ శ్లాబులో నీరు చేరితే పైపైన గ్రౌటింగ్ చేసి సరిపెట్టలేం. టైల్స్ తీసి, తడిసిన నింపుడు ఎత్తిపోసి, అతుకు సరిచేసి, వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయించాల్సిందే. పైన టైల్స్ పరిచే ముందు నీళ్లు నిలిపి కారడం లేదని చూసుకోవాలి.

రసాయనాల వాడకం

బ్లీచింగ్ పౌడరు, బాత్‌రూం యాసిడ్ రెండూ మన ఇళ్లలో ఒకే అరలో ఉంటాయి. రెండూ ఒకే తూములో పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసి ఉన్న చిన్న గదిలో అది ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. యాసిడ్ ఒక్కటే పోసినా ఇబ్బంది ఉంది. నల్లటి పాకుడులో ఉన్న సల్ఫైడ్లతో చర్య జరిగి హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక్కసారిగా వెలువడుతుంది. యాసిడ్ పోయగానే కంపు ఎక్కువైందని చాలామంది అనేది ఇందుకే. పైగా సిమెంటు అతుకులను, మార్బుల్‌ను, స్టీలు జాలీని అది తినేస్తుంది. పూడిక కరిగించే పొడుల్లో ఉండే కాస్టిక్ సోడా నీళ్లు తగలగానే బాగా వేడెక్కుతుంది. దాని తర్వాత యాసిడ్ పోస్తే పైకి చిమ్ముతుంది. వంటసోడా, వెనిగర్ కలిపితే నురగ వస్తుంది గానీ, అవి ఒకదాన్నొకటి చాలావరకు విరిచేసుకుంటాయి. వెంట్రుకల ముద్ద మీద వాటి ప్రభావం అంతంతే. బ్రష్‌తో చేతిపని చేసిన తర్వాత సబ్బునీళ్లతో, గోరువెచ్చటి నీళ్లతో కడగడం వీటన్నిటికంటే నయం.

ఆరోగ్యంపై ప్రభావం

ఇళ్లలో కనిపించే తక్కువ మోతాదుల్లో ఈ వాయువుల వల్ల తలనొప్పి, వికారం, కళ్లమంట వస్తాయి. ఎండిన ట్రాప్ అంతకు మించిన ప్రమాదమని 2003లో సార్స్ వ్యాధి సమయంలో తెలిసొచ్చింది. హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అనే నివాస సముదాయంలో 300 మందికి పైగా ఆ వ్యాధి సోకింది. మిగతావాటి కంటే ఒక బ్లాకులో ఎక్కువమంది జబ్బుపడ్డారు. స్నానాలగది నేల తూముల ట్రాప్‌లు ఎండిపోవడం, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు మురుగు గొట్టంలోని తుంపరలను గదుల్లోకి లాగడం వ్యాప్తికి దోహదపడ్డాయని దర్యాప్తుల్లో తేలింది. అక్కడివారు నేలను తుడుస్తారే తప్ప మనలా నీళ్లు పోసి కడగరు. అందుకే తూములు ఎండాయి. ఆ తర్వాత అక్కడి ఆరోగ్య శాఖ ప్రతి తూములో వారానికోసారి అర లీటరు నీళ్లు పోయాలని ప్రజలకు చెబుతూ వస్తోంది. మన ఇళ్లలోనూ తడి, పొడి భాగాలను అద్దంతో వేరుచేసే స్నానాలగదులు పెరుగుతున్నాయి. పొడి భాగంలోని తూముకు ఇదే గతి పడుతుంది.

బాధ్యత, చట్టం

ఇంటి లోపలి ట్రాప్‌లు, అతుకులు ఇంటి యజమాని బాధ్యత. షాఫ్ట్‌లోని నిలువు గొట్టాలు, వెంట్ పైపులు, ఆవరణలోని ఛాంబర్లు అపార్టుమెంట్ సంఘానివి. వీధి మ్యాన్‌హోల్ పురపాలక సంస్థది, హైదరాబాద్‌లో జలమండలిది. జలమండలికి 155313 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు.

రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి గానీ, మ్యాన్‌హోల్‌లోకి గానీ శుభ్రం చేయడానికి మనిషిని దింపడం నేరం. ప్రమాదకరంగా మురుగు శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అలా చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. ట్యాంకు నిండితే సక్షన్ లారీని, గొట్టం పూడితే జెట్టింగ్ యంత్రాన్ని పిలిపించాలి. లోపల ఒకరు పడిపోతే కాపాడబోయి దిగినవారు కూడా చనిపోయిన సంఘటనలు ఏటా పత్రికల్లో కనిపిస్తూనే ఉన్నాయి.

నివారణ

కొత్తగా కట్టుకునేవారు కప్పు రకం కాకుండా 50 మిల్లీమీటర్ల నీటి లోతున్న నహానీ ట్రాప్ అడగాలి. బేసిన్ నీళ్లు కూడా అదే ట్రాప్‌లోకి వచ్చేలా పక్క ద్వారాలున్న రకం తీసుకుంటే, రోజూ చేతులు కడిగే నీళ్లతోనే అది నిండుతూ ఉంటుంది. ట్రాప్‌ను శుభ్రం చేసే వీలుండాలి. టైల్స్ పరిచే ముందే గొట్టాల దారిని ఫోటోలు తీసి దాచుకుంటే రేపు పగలగొట్టాల్సిన చోటు తెలుస్తుంది. వెంట్ పైపును ఇంటి కప్పు దాటించాలి. సెప్టిక్ ట్యాంకును రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయించాలి.

పాత ఇళ్లలో ఉన్నవారు వారానికోసారి వాడని తూముల్లో నీళ్లు పోయడం, నెలకోసారి జాలీ ఎత్తి వెంట్రుకలు తీయడం అలవాటు చేసుకుంటే ఎక్కువ సందర్భాల్లో ప్లంబర్ అవసరం రాదు. ఇవి చేశాక కూడా వాసన ఆగకపోతే సుగంధ ద్రవ్యాలకు డబ్బు పెట్టకుండా, పై పరీక్షల్లో తేలిన విషయాన్ని కాగితం మీద రాసి ప్లంబర్‌కు చూపించాలి. ఏ తూము, ఏ వేళ, ఏ పరిస్థితిలో అన్న మూడు వివరాలు తెలిసిన పనివాడు అనవసరంగా టైల్స్ జోలికి వెళ్లడు.